పరలోక ద్వారమా

29 సెప్టెంబరు 2024, ఆదివారం

పూజ ముగిసిన తరువాత గుడి వరండాలో చీట్లు తీశాము. అక్టోబరు జపమాల మాసం. ప్రతి సంవత్సరం వలెనే మరియమాత స్వరూపం మా కాలనీలో దినానికొక ఇంటికి వస్తుంది. ఆ ఇంటివారు ఆమెను ఒక రోజు ఉంచుకొంటారు. మరునాటి సాయంత్రం ఇంటి పెద్ద తన రెండు చేతులతో మోసుకొనిపోయి తరువాతి ఇంటి పెద్ద చేతిలో పెట్టాలి. ఈసారి ఫాదర్ గారు కొత్త ఏర్పాటు ఒకటి చేశారు. దేవమాత ప్రార్థనలో మనం ఆమెను పిలిచే బిరుదులను చీట్ల మీద వ్రాయించి, ఇంటికొకటి తీయమన్నారు. ఎవరి చీటీలో ఏ బిరుదు ఉంటే దాని అర్థమేమిటో, దానితో ఆమెను ఎందుకు పిలుస్తామో వారు తమ ఇంట ఐదు నిమిషాలు చెప్పాలి.

నాకు వచ్చినది: పరలోక ద్వారమా.

ఉపదేశి అంతయ్య గారు నా చీటీ చూసి నవ్వారు. "సుందరయ్యా, పందొమ్మిదేండ్ల సంది దవాఖాన గేటు కాడ నిలవడ్డోనివి. నీకు గాక ఇంకెవరికొస్తది గీ చీటి?"

వరండాలో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నేను భద్రతా పర్యవేక్షకుడిని. పగలంతా ఆ దవాఖానలో పనిచేసి, సాయంకాలం కళాశాలలో చదివి, ముప్పై రెండవ ఏట బి.ఏ. పట్టా పొందినవాడిని. కానీ అంతయ్య గారు వయసులో పెద్దవారు. చీటీ మడిచి జేబులో పెట్టుకొన్నాను.

పిమ్మట ఇండ్ల వరుస చదివారు. పదిహేడవ తేదీ, గురువారం, మా ఇల్లు. పద్దెనిమిదవ తేదీ, శుక్రవారం, శాంసన్ ఇల్లు.

30 సెప్టెంబరు, సోమవారం

ఎవరూ చదవని పుస్తకమే అయినా పూర్తి వాక్యాలలో, ఉన్నది ఉన్నట్టు వ్రాయాలన్నది నా నియమం. కాబట్టి వ్రాస్తున్నాను.

శాంసన్ నా తమ్ముడు. ఏడు సంవత్సరాలుగా మా మధ్య మాటలు లేవు. అమ్మ మా దవాఖానలోనే ఐసీయూలో ఉన్నప్పుడు అతను విజయవాడ నుండి లారీ తోలుకొని వచ్చి, మధ్యాహ్నం మూడున్నరకు గేటు ముందు నిలబడ్డాడు. ఐసీయూలోని వారిని చూడడానికి వేళ ఐదు గంటలు. ఐదుకు రమ్మన్నాను. అమ్మ నాలుగు గంటల పది నిమిషాలకు పోయింది.

నియమం అందరికీ ఒక్కటే. పైగా అమ్మకు ఆ రోజు ఉదయం నుండే స్పృహ లేదు. లోపలికి పంపినా అతనితో ఒక్క మాట మాట్లాడగలిగేది కాదు.

బడంగ్‌పేట్‌లో ఉండేవాడు మొన్న జూన్‌లో మా వెనుక గల్లీలో కిరాయికి దిగాడు. ఇంత నగరంలో ఇంకెక్కడా ఇండ్లు లేనట్టు.

2 అక్టోబరు, బుధవారం

అంతయ్య గారి ఇంటికి వెళ్ళి, వరుస కొంచెం మార్చవచ్చునా అని అడిగాను.

"వరుస నేను పెట్టలే సుందరయ్యా, గల్లీ పెట్టింది. మీ ఇల్లు దాటి మూల తిరిగితే వాళ్ళ ఇల్లే."

"శుక్రవారం సాయంత్రం నాకు డ్యూటీ పడవచ్చును. రెబెక్క మోస్తుంది."

"మోసుడు ఇంటి పెద్దది. మీ ఇంట్ల పెద్దమనిషి ఆమెనా?"

"పోనీ, మీరే మోయండి."

ఆయన తువాలుతో ముఖం తుడుచుకొని నన్ను చూశారు. "నాకు డెబ్బై రెండు. మోకాళ్ళు ఒంగుతలేవు. నువ్వు ఒంగవు, నా మోకాళ్ళు ఒంగవు. ఎట్ల చేద్దాం చెప్పు?"

వచ్చేశాను. డ్యూటీ పడవచ్చునన్నది అబద్ధం కాదు. ఆ పట్టిక తయారు చేసేది నేనే.

5 అక్టోబరు, శనివారం

ప్రసంగం వ్రాశాను, నాలుగు పుటలు. పూర్వకాలపు ప్రవక్త ఒకరికి దేవాలయపు తూర్పు గుమ్మం మూసి ఉన్నట్టు దర్శనమైనదనీ, ఆ గుమ్మాన ప్రభువు తప్ప వేరెవరూ ప్రవేశించరాదనీ, పెద్దలు ఆ గుమ్మాన్ని మరియమ్మకు గుర్తుగా చెప్పారనీ చదివి నాకు ఒళ్ళు పులకరించింది. మూసి ఉండుట కూడా ద్వారానికి మహిమయే. లోకులు తెరిచిన తలుపునే పొగడుతారు. మూయవలసినప్పుడు మూసి ఉంచేవాడి కష్టం ఎవరికీ పట్టదు. ఈ భావాన్ని రెండవ పుటలో విస్తరించాను.

నా భార్య రెబెక్కకు చదివి వినిపించాను. ఆమె పప్పు ఏరుతూ విన్నది.

"మంచిగుంది," అన్నది. "మొత్తం మూసుడే ఉంది గని, తెరుసుడు ఏడుంది?"

"అది మూడవ పుటలో వస్తుంది."

"మూడోది గూడ చదివితివి గద."

7 అక్టోబరు, సోమవారం

నాలుగు పుటలూ చించివేశాను. రెబెక్క అన్నందుకు కాదు. దస్తూరి బాగా కుదరలేదు.

9 అక్టోబరు, బుధవారం

ఈ దినం జరిగినది వివరంగా వ్రాయవలసి ఉంది.

పదకొండు గంటలకు గేటు వద్ద సైదులు ఒక స్త్రీని పాస్ లేకుండా లోపలికి పంపడం చూశాను. ఆమె చేతిలో టిఫిన్ డబ్బా, భుజాన దుప్పటి. ఒక రోగికి ఒక్కరే తోడు ఉండాలి. ఆ ఒక్కరికే పాస్. సైదులును పక్కకు పిలిచి మెమో వ్రాశాను.

"సార్, ఆమె మిర్యాలగూడ నుంచి ఒచ్చింది. మొగడు మూడో అంతస్తుల ఉన్నడు. కొడుకు పాస్ పట్టుకొని మందులకు పోయిండు. పోరడు ఒచ్చేదాంక ఎండల నిలవెట్టన్నా?"

"నీడ ఉంది. బెంచీ ఉంది."

"ఉంది సార్. బెంచి మీద కూసుంటె మొగడు కనవడడు."

"సంతకం చెయ్యి."

చేశాడు. కలం నాకు తిరిగి ఇస్తూ, కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు: "మీ తాన డ్యూటీ అంటె డ్యూటీనే సార్. దేవుడొచ్చినా పాస్ అడుగుతరు."

పక్కనున్న ఇద్దరు గార్డులు ముఖాలు తిప్పుకొన్నారు. నేను విననట్టే ఉన్నాను.

సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కాను. రేపు సద్దుల బతుకమ్మ కనుక పూల సంచులతో బోగీ క్రిక్కిరిసి ఉంది. స్తంభం పట్టుకొని నిలబడ్డాను. సైదులు మాట నన్ను వదలలేదు. దేవుడొచ్చినా.

దేవుడు వచ్చాడు కదా! మంగళవార్త అంటే అదే కదా. చిన్ననాటి నుండి వేయిసార్లు వల్లించాను. ఒక్కసారైనా నా పనిచేసే చోటు నుండి దానిని చూడలేదు. గేటు వద్దకు వచ్చేవారిని నేను ఎరుగుదును. అరిచేవారు, ఏడ్చేవారు, ఎవరెవరి పేర్లో చెప్పేవారు, చూడనప్పుడు దూరేవారు. గోడలనూ గేటునూ కాపలావాడినీ పుట్టించినవాడు మాత్రం తోసుకొని రాలేదు. ఒక పల్లెపిల్ల దగ్గరకు దూతను పంపి, రావచ్చునా అని అడిగించాడు. అడిగి, ఆగాడు. ఆమె జవాబు చెప్పేవరకు పరలోకమంతా వాకిట నిలబడి ఉంది. ఆమెకు పదిహేనేండ్లు ఉంటాయో లేవో. కాదనగలదు. ఆ అధికారం ఆమెకు ఇచ్చి మరీ అడిగాడు.

ఆమె, జరుగనిమ్మన్నది. ఎవరి మీదకైనా నెట్టవచ్చు, పెద్దలను అడిగి చెబుతాననవచ్చు, వేళ కాదనవచ్చు. అనలేదు.

ఇంతటిది ప్రతి సాయంత్రం నా నోట పలుకుతూ, పప్పులో ఉప్పు సరిపోయిందా అని ఆలోచించేవాడిని! రైలు ఎల్‌బీ నగర్‌లో ఆగి, అందరూ దిగిపోయారు. నేను స్తంభం పట్టుకొని అట్లే ఉన్నాను. మెట్రో సిబ్బందిలో ఒక అమ్మాయి వచ్చి, "లాస్ట్ స్టేషన్ సార్, దిగుండ్రి. మంచిగనే ఉన్నరా?" అని అడిగింది.

బాగానే ఉన్నానన్నాను.

12 అక్టోబరు, శనివారం

దసరా సెలవు. ఫాదర్ గారిని కలిసి నా సందేహాలు వరుసగా అడిగాను. ఆయన గుంటూరు వారు. కుర్చీ చూపించి కాఫీ ఇప్పించారు.

"రెండు దిక్కుల ద్వారమండీ సుందరయ్యగారూ. ఆయన దిగి వచ్చింది ఆమె ద్వారానే, మనం పైకి వెళ్ళేటప్పుడు చెయ్యి పట్టుకునేదీ ఆమే. అందుకే మరణ సమయమందు మా కొరకు ప్రార్థించమని రోజూ అడుగుతాం. మంచాన ఉన్నవాళ్ళ దగ్గర ఈ బిరుదుతో ఎక్కువ పిలుస్తారండి. మా నాయనమ్మ పోయేటప్పుడు ఊరంతా కూర్చుని అదొక్కటే పలికారు, గంటసేపు."

మా దవాఖానలో లోపలికి ఒక గేటు, బయటికి ఒక గేటు. రెండింటికీ ఒకే ద్వారమంటే ఎంత విశాలమైనదై ఉండాలి!

చివరకు అడగదలచినది అడిగాను. "ఎవరిని రానివ్వాలో ఎవరిని ఆపాలో తేల్చేది కూడా ఆమేనా ఫాదర్?"

"తేల్చేది ఆయనండీ. ఆమె ద్వారం. మీరు చేసేది కాపలా. ఆ రెండూ వేరు కదండీ?" అని నవ్వి, కాఫీ చల్లారిపోతోందన్నారు.

ఆయనకు శాంసన్ సంగతి తెలియదు. మామూలుగానే అన్నారు.

మరణ సమయమందు. జపమాలలో రోజుకు యాభై మూడుసార్లు.

13 అక్టోబరు, ఆదివారం

అమ్మకు ఆ ఉదయం నుండి స్పృహ లేదు.

14 అక్టోబరు, సోమవారం

డ్యూటీ పట్టిక వ్రాశాను. శుక్రవారం సాయంత్రం గడిలో నా పేరు వ్రాసి, కొట్టివేసి, మళ్ళీ వ్రాశాను. అది చిత్తుప్రతి. సాఫుప్రతి రేపు.

15 అక్టోబరు, మంగళవారం

సాఫుప్రతిలో సైదులు పేరు వ్రాశాను. అతనికి ఇచ్చిన మెమో కూడా వెనుకకు తీసుకొన్నాను. ఎందుకని అడిగాడు. చెప్పలేదు. "పాణం మంచిగున్నదా సార్?" అన్నాడు. వారం రోజులలో ఈ ప్రశ్న నన్ను ఇద్దరు అడిగారు.

16 అక్టోబరు, బుధవారం

ఉన్నది ఉన్నట్టు.

అమ్మకు ఆ రోజు స్పృహ ఉండింది.

మధ్యాహ్నం పన్నెండు గంటలకు నేను యూనిఫాంలో లోపలికి వెళ్ళాను. నాకు ఏ వేళా అడ్డు లేదు. ఆ సంగతి ఏడేండ్లలో ఎన్నడూ ఈ పుస్తకంలో వ్రాయలేదు. అమ్మ కళ్ళు తెరిచింది. ముక్కుకు పెట్టినదానిని కొంచెం పక్కకు జరుపుకొని, "చిన్నోడొచ్చిండా?" అన్నది.

"దారిల ఉన్నడు."

"వాడొస్తే ఆపకు బిడ్డా," అన్నది.

నన్ను కన్నది కనుక నేనేమి చేస్తానో ఎరుగును. అంత బాధలోనూ ముందుగా చెప్పి పెట్టింది. ఇంకా ఒక మాట అన్నది. అది ఇప్పుడు వ్రాయలేను.

మూడున్నరకు గేటు ముందు ముప్పై మంది ఉన్నారు. శాంసన్ వెనుక నుండి వస్తూ, "జరుగుండ్రి, మా అన్ననే గేటు! నన్నెవడాపుతడు?" అని గట్టిగా అన్నాడు. జనం తిరిగి నన్ను చూశారు. కొందరు నవ్వారు. కొత్త కెమెరాలు పెట్టిన వారం అది. పర్యవేక్షకుడి ఉద్యోగానికి నా పేరు పంపిన నెల. నా పట్టా, నా పందొమ్మిది— అప్పటికి పన్నెండు— సంవత్సరాల నిష్కళంకమైన సేవ ఆ ఒక్క మాటతో మా ఇంటి వాకిలి అయిపోయినట్టు తోచింది. అతను మెల్లగా వచ్చి నా చెవిలో అడిగి ఉంటే పంపేవాడిని.

పంపేవాడినా? తెలియదు.

ఐదుకు రమ్మన్నాను. అతను కాళ్ళ మీద పడబోయాడు. నేను ఒక అడుగు వెనుకకు వేశాను. నాలుగుంబావుకు వార్డు నుండి ఫోన్ వచ్చింది. ఆమెకు స్పృహ లేదని ఆ సాయంత్రమే మొదటిసారి అన్నాను. ఎవరూ అడగకుండానే.

17 అక్టోబరు, గురువారం

మరియమాత మా ఇంటికి వచ్చింది. నీలపు వస్త్రం, రెండడుగుల ఎత్తు. చూసేందుకు చిన్నది, చేతిలోకి తీసుకొంటే భుజాలు దిగుతాయి. రెబెక్క తెల్లని దుప్పటి పరిచి బల్లపై నిలిపింది. పాతికమంది వచ్చారు. క్రింది వాటాలో ఉండే ఇంటి ఓనరు అండాలమ్మ గారు కూడా తలస్నానం చేసి, చామంతులు తెచ్చి ముందు వరుసలో కూర్చున్నారు.

ప్రసంగానికి కాగితం లేదు. రెండు నిమిషాలే మాట్లాడాను. దేవుడు అడిగి వచ్చాడనీ, ఒక చిన్నపిల్ల జవాబు చెప్పేవరకు ఆగాడనీ, ఆమె ఆపలేదు కనుకనే ఆమెను ద్వారమని పిలుస్తామనీ, మన చివరి గడియలో కూడా ఆమె మనలను ఆపదని నమ్మి పిలుస్తామనీ చెప్పాను. అంతటితో కూర్చున్నాను.

అండాలమ్మ గారు చెంపలు వేసుకొన్నారు. "గంత పెద్ద దేవుడు అడిగి ఒచ్చిండా! మా కిరాయిదార్లు అడగకుంటనే గోడలకు మొలలు కొడతరు."

అందరూ నవ్వారు. ఈసారి నేను కూడా నవ్వాను.

శాంసన్ రాలేదు. అతని భార్య గ్రేస్ వచ్చి, గుమ్మం పక్కనే నిలబడి జపమాల చెప్పింది. వెళ్ళేటప్పుడు రెబెక్కతో అన్నది నాకు వినబడింది: "రేపు ఆయన ఇంట్లనే ఉంటడక్కా. బాటసింగారం లోడు ఉండె, ఒద్దనుకున్నడు."

19 అక్టోబరు, శనివారం, ఉదయం

నిన్న సాయంత్రం ఆరున్నరకు బయలుదేరాము. నేను ముందు, ఆమె నా చేతులలో. వెనుక రెబెక్క, అంతయ్య గారు, మరో ఇరవై మంది కొవ్వొత్తులతో. మూల తిరిగే వరకు నూట పది అడుగులు. ఆమె ముఖం నా భుజానికి ఆనుకొని ఉంది. ఇంతటి ద్వారాన్ని నాబోటివాడు మోయడమేమిటని అనుకొంటూ నడిచాను.

శాంసన్ గుమ్మంలో నిలుచున్నాడు. జుట్టు సగం నెరిసింది. ఏడేండ్లలో ఇంత దగ్గరగా చూడలేదు. ఆచారం ప్రకారం అతను, రా తల్లీ అని చేతులు చాచాలి. చాచలేదు. రెండు చేతులూ రెండు ద్వారబంధాలకు ఆన్చి నిలబడ్డాడు. వెనుక పాట ఆగిపోయింది.

కొంతసేపటికి రెబెక్క, "శాంసనూ, బరువుంటది, తీసుకో," అన్నది.

"ఉండనియ్యి వదినా. నేను నలభై నిమిషాలు నిలవడ్డ."

అంతయ్య గారు ఏదో అనబోయారు. నేను తల అడ్డంగా ఊపాను. నిలబడ్డాను. భుజాలు లాగుతున్నాయి. ఎవరో పిల్ల దగ్గింది. నలభై నిమిషాలయినా నిలబడగలనని అప్పుడు నాకు తోచింది, అంతకంటె సులభమైనది లేదని కూడా. కష్టమైనది వేరే ఉంది.

"శాంసన్," అన్నాను. నా భాష నాకు తెలియకుండానే మారిపోయింది. "అమ్మకు సోయి ఉండెరా. పగటీలి నాతోటి మాట్లాడింది. చిన్నోడొస్తే ఆపకన్నది. నేనే ఆపిన."

ఇరవై మంది విన్నారు. రెబెక్కకు కూడా అది మొదటిసారి.

శాంసన్ కదలలేదు. "నాకెరుకనే," అన్నాడు. "ఆనాడే నర్సమ్మ చెప్పింది. ముసలామె నన్నే అడిగిందని."

"ఎరుకనా?"

"ఏడేండ్ల సంది ఎరుకనే. నువ్వు చెప్తవని చూస్తున్న. బడంగ్‌పేట్ల ఉంటె నువ్వెట్ల ఒస్తవు, ఎట్ల చెప్తవు? అందుకే గీ గల్లీల దిగిన. కిరాయి గూడ ఎక్కువనే."

ద్వారబంధాల మీది చేతులు తీశాడు. ఆమెను నా చేతులలో నుండి తీసుకోలేదు. పక్కకు జరిగాడు. నేనే మోసుకొని లోపలికి వెళ్ళి, వారు అమర్చిన బల్లపై నిలిపాను.

జపమాల జరిగింది. దేవమాత ప్రార్థనలో ఒక్కొక్క బిరుదుకు మా కొరకు ప్రార్థించమని అందరితో పాటు పలికాను. నా బిరుదు వచ్చినప్పుడు పలుకలేకపోయాను; శాంసన్ గొంతు వినిపించింది. ప్రసంగం వేళకు అతను లేచి, "నాకు మాటలు రావు. మా అన్న చెప్పిండు, సాలు," అని కూర్చున్నాడు.

అందరూ టీ తాగి వెళ్ళిపోయారు. రెబెక్క, గ్రేస్ వంటింట్లో ఉన్నారు. మేమిద్దరం చాప మీద కూర్చున్నాము.

"ఇంకేమన్నది?" అని అడిగాడు.

ఆ మాట ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ కూడా వ్రాయలేదు. "వాడు తినకుంట ఒస్తడు, ముందుగాల వానికింత అన్నం పెట్టు, అన్నది."

నిజంగానే ఆ దినం తినలేదట. విజయవాడ నుండి ఎక్కడా ఆపకుండా వచ్చాడట.

లేచి వంటింట్లోకి వెళ్ళాడు. ఒక పళ్ళెం, అన్నం గిన్నె, గంటె తెచ్చి నా ముందు పెట్టి, ఎదురుగా బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు.

"పెట్టు మరి."

పెట్టాను. కొన్ని మెతుకులు చాప మీద పడ్డాయి. అతను వాటిని ఏరి పళ్ళెంలో వేసుకొన్నాడు. గ్రేస్ కూర తెచ్చింది. అదీ నేనే వడ్డించాను. అతను తల ఎత్తకుండా తిన్నాడు. పళ్ళెం ఖాళీ అయిన తరువాత నా వైపు జరిపాడు.

"ఇంకింత," అన్నాడు.